ఎదురుగా హైవే సాఫీగానే ఉంది, మరి ర్యాంపు మీద ఎర్ర లైటు ఎందుకు?

నగరం రోడ్డు వదిలి హైవే ర్యాంపు ఎక్కుతారు. వంపు తిరగ్గానే ముందు అయిదారు కార్లు ఆగి ఉంటాయి. పక్కన స్తంభానికి చిన్న సిగ్నల్, దాని కింద 'ఒక పచ్చ లైటుకు ఒక్క కారే' అని బోర్డు. లైటు రెండు సెకన్లు పచ్చగా వెలుగుతుంది, ఒక కారు కదులుతుంది, మళ్ళీ ఎర్రబడుతుంది. అవతల హైవే మీద మాత్రం బళ్ళు వంద స్పీడులో హాయిగా పోతుంటాయి. జామే లేని రోడ్డు ముందు మనల్ని ఎందుకు నిలబెట్టారా అని ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

అమెరికాలో, యూరప్‌లో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో లక్షల మందికి ఇది రోజూ పొద్దున ఎదురయ్యే అనుభవం. దీన్ని ర్యాంప్ మీటరింగ్ అంటారు. మీటరు అన్నారని ఇందులో డబ్బు కట్టేదేమీ లేదు. కొళాయి తిప్పి నీళ్ళు కొంచెం కొంచెంగా వదిలినట్టు, బళ్ళను కొలిచి వదలడమే మీటరింగ్. తమాషా ఏమిటంటే, హైవే సాఫీగా పోతున్నప్పుడే ఈ లైటుకు పని ఎక్కువ. జామ్ అయిపోయాక అది చేయగలిగేది చాలా తక్కువ. ఎందుకో తెలియాలంటే ముందు రోడ్డు ఎలా నిండుతుందో చూడాలి.

కిటకిటలాడే రోడ్డు తక్కువ మందిని ఎందుకు దాటిస్తుంది

మూడు మాటలు తెలిస్తే చాలు. ఒక చోట నిలబడి గంటకు ఎన్ని బళ్ళు దాటాయో లెక్కపెడితే వచ్చేది ప్రవాహం. ఒక కిలోమీటరు పొడవున ఆ క్షణాన ఎన్ని బళ్ళున్నాయన్నది సాంద్రత. మూడోది వేగం. సాంద్రతను వేగంతో గుణిస్తే ప్రవాహం వస్తుంది.

ఒక లేనులో కిలోమీటరుకు 20 కార్లున్నాయి, అన్నీ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయి అనుకోండి. గంటకు 2,000 కార్లు దాటుతాయి. అదే లేను జామ్ అయి, కిలోమీటరుకు 100 కార్లు చేరి, 10 కిలోమీటర్ల వేగంతో పాకుతున్నాయనుకోండి. గంటకు దాటేవి 1,000. కంటికి అయిదు రెట్లు కార్లు కనిపిస్తున్నాయి, గమ్యం వైపు పోతున్నవి మాత్రం సగం. అమెరికా ఇంజనీరు బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ 1930లలో రోడ్డును వరసగా ఫొటోలు తీసి, కార్ల మధ్య దూరాలు కొలిచి ఈ సంబంధాన్ని మొదట గీసి చూపించాడు. ఆ తర్వాత దాని ఆకారం మీద ఎన్నో సవరణలొచ్చాయి గానీ మూల విషయం నిలిచింది: బళ్ళు పెరిగేకొద్దీ ప్రవాహం ఒక శిఖరం దాకా పెరుగుతుంది, శిఖరం దాటితే పడిపోతుంది.

ఆ శిఖరాన్నే రోడ్డు సామర్థ్యం అంటారు. ముందు కారుకు రెండు సెకన్ల దూరం వదలమని డ్రైవింగ్ నేర్పేవాళ్ళు చెబుతారు. అందరూ ఆ మాట వింటే లేనుకు గంటకు 1,800 కార్లు పడతాయి. జనం అంత దూరం వదలరు కాబట్టి మంచి హైవే లేనులో 2,000 నుంచి 2,400 దాకా కూడా పోతాయి. అంటే రోడ్డు బాగా పనిచేస్తోందని మనం మెచ్చుకునే సమయంలోనే కార్ల మధ్య దూరం ప్రమాదం అంచున ఉంటుందన్నమాట.

ఇంకో చిక్కుంది. శిఖరం నుంచి ఒకసారి కింద పడ్డాక రోడ్డు వెంటనే కోలుకోదు. జామ్ తల దగ్గర, అంటే కార్లు జామ్ నుంచి బయటపడే చోట, ఒక్కొక్క డ్రైవరు నెమ్మదిగా తేరుకుని స్పీడు అందుకుంటాడు. అందుకే అక్కడ దాటే కార్ల సంఖ్య మామూలు సామర్థ్యం కన్నా తక్కువ. చాలా చోట్ల ఈ తగ్గుదల 5 నుంచి 15 శాతం దాకా ఉంటుందని కొలిచారు. సరిగ్గా రోడ్డు అవసరం ఎక్కువైన వేళకే రోడ్డు చిన్నదవుతోంది! ర్యాంపు లైటు కథంతా ఈ పతనాన్ని ఆపడం గురించే.

పతనానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదు. జపాన్ పరిశోధకులు 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి ట్రాకు మీద 22 కార్లను 30 కిలోమీటర్ల వేగంతో తిప్పారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. అడ్డం లేదు, సిగ్నల్ లేదు, ర్యాంపు కూడా లేదు. కాసేపటికి ఎవరో కాస్త తగ్గించారు, వెనకాయన ఇంకాస్త తగ్గించాడు, కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగిన గుంపు సుమారు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి జరుగుతూ పోయింది. ఏమీ లేని చోటే ఇలా ఉంటే, పక్క నుంచి కొత్త కార్లు దూరే చోట ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కలిసే చోట చివరి రెండు వందల మీటర్లు

ర్యాంపు చివర డ్రైవరు ఏం చేస్తాడో గమనించండి. స్పీడు పెంచాలి. పక్క లేనులో సందు వెతకాలి. అద్దంలో చూడాలి, అద్దానికి అందని చోటును మెడ తిప్పి చూడాలి. ఇండికేటర్ వేయాలి. మధ్యమధ్యలో ముందు కారు మీద కూడా ఓ కన్నేయాలి. ఇదంతా ఏడెనిమిది సెకన్లలో.

ముందు కారు నడిపేవాడు కూడా ఇదే పనిలో ఉన్నాడు. సందు దొరికిందనుకుని కదిలాడు. వెనక కారాయన అది చూశాడు, 'సరే, ఇతను వెళ్ళిపోయాడు' అనుకుని మెడ పక్కకు తిప్పాడు, యాక్సిలరేటర్ నొక్కాడు. ఈలోగా ముందువాడికి ధైర్యం చాలలేదు, బ్రేకు వేశాడు. వెనకాయన కళ్ళు మళ్ళీ ముందుకు తిరిగేసరికి బంపరు కనిపిస్తుంది. ర్యాంపుల దగ్గర వెనక నుంచి గుద్దుకునే ప్రమాదాల్లో ఇది పాత కథ. ఇందులో ఎవరూ తాగి లేరు, ఎవరూ అతివేగంగా పోలేదు. ఒక మనిషి ఒకేసారి రెండు వైపులా చూడలేకపోయాడు, అంతే.

రెండో రకం ప్రమాదం హైవే మీద జరుగుతుంది. ర్యాంపు నుంచి ఒక కారు వస్తే పక్క లేనులో వాళ్ళు కాస్త జరిగి చోటిస్తారు. పది కార్లు ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తే చోటివ్వడానికి చోటే ఉండదు. ఒకతను బ్రేకు వేస్తాడు, వంద నుంచి తొంభైకి. వెనకతను కాస్త ఆలస్యంగా గమనిస్తాడు కాబట్టి ఎనభై అయిదుకు దిగాలి. ఆ వెనక డెబ్బై అయిదు. ఇలా పదో కారు దాకా వెళ్ళేసరికి ఆగిపోవాల్సిన పరిస్థితి. కొందరు బ్రేకుకు బదులు స్టీరింగ్ తిప్పి పక్క లేనులోకి దూరతారు, అక్కడ ఇంకొకరి తలుపు గీసుకుపోతుంది.

మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా భయపడాల్సింది, జామ్ తోక. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. విషయం గ్రహించి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒకటిన్నర సెకను, అంటే 42 మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి ఇంకో 55. మొత్తం సుమారు 97 మీటర్లు. ముందు కారు కూడా మనతో పాటే నెమ్మదిస్తుంటే ఇంత దూరం అక్కర్లేదు. కానీ వంపు తిరగ్గానే నిలిచిపోయిన కార్ల వరస ఎదురైతే ఆ 97 మీటర్లూ కావాలి. జామ్ తోక ఒక్క చోట ఉండదు, వెనక్కి పాకుతూ ఉంటుంది. నిన్న సాఫీగా ఉన్న చోట ఈరోజు తోక ఉండొచ్చు.

సగటు సరిపోయినా గుంపు సరిపోదు

ఇప్పుడు లైటు దగ్గరికి వద్దాం. అది ర్యాంపు మీదికి వచ్చే కార్లను తగ్గించడానికే అని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది ఒక్క కారును కూడా తగ్గించదు, విడదీస్తుంది.

ర్యాంపు మొదట్లో నగరం సిగ్నల్ ఒకటి ఉంటుంది. అది 90 సెకన్లకు ఒకసారి పచ్చబడి, 30 సెకన్లలో 12 కార్లను ర్యాంపు మీదికి వదులుతుంది. మిగతా 60 సెకన్లు ఎవరూ రారు. సగటు తీస్తే గంటకు 480 కార్లు. హైవే పక్క లేనులో అప్పటికే గంటకు 1,400 కార్లున్నాయి. రెండూ కలిపితే 1,880. లేను సామర్థ్యం 2,000 అనుకుంటే ఇంకా 120 కార్లకు చోటుంది, కాగితం మీద ఏ ఇబ్బందీ లేదు.

కానీ రోడ్డు సగటును చూడదు. ఆ 30 సెకన్ల పాటు ర్యాంపు నుంచి గంటకు 1,440 కార్ల లెక్కన దిగుతున్నాయి. 1,400కు 1,440 కలిపితే 2,840. అరనిమిషం పాటు లేను పొంగిపొర్లుతుంది, బ్రేకులు పడతాయి, అల వెనక్కి బయల్దేరుతుంది. ఆ తర్వాత అరవై సెకన్లు ర్యాంపు ఖాళీగా ఉన్నా జరగాల్సింది జరిగిపోయింది.

అదే 12 కార్లను లైటు ఏడున్నర సెకన్లకు ఒకటి చొప్పున వదిలితే సరిగ్గా 90 సెకన్లు పడుతుంది. తర్వాతి గుంపు వచ్చేలోపు ర్యాంపు ఖాళీ. గంటకు అవే 480 కార్లు. చివరాయన మాత్రం ఒక నిమిషం ఆగాడు. పైన చెప్పిన మెడ తిప్పే కథ కూడా ఇక్కడ మారుతుంది: ముందు కారుకూ వెనక కారుకూ మధ్య ఏడు సెకన్ల దూరం ఉంటే, ముందువాడు తటపటాయించినా గుద్దుకునే అవకాశం తక్కువ. ప్రమాదాలు తగ్గడానికి నేరుగా పనిచేసేది ఈ విడదీయడమే.

ఇరవై నిమిషాల రద్దీ, రెండు రకాలుగా

విడదీయడంతో సరిపోని రోజులుంటాయి. నిజంగానే రోడ్డుకు మించి కార్లు వస్తే? అప్పుడు లైటు కొందరిని నిజంగానే ఆపి ఉంచుతుంది. ఇది లాభమా నష్టమా అన్నది అంకెలతో చూద్దాం. ఉదాహరణకు తీసుకున్న అంకెలే ఇవి, ఏ ఒక్క ఊరివీ కావు.

మూడు లేన్ల హైవే, సామర్థ్యం గంటకు 6,000. హైవే మీద ముందే 5,400 లెక్కన వస్తున్నాయి, ర్యాంపు నుంచి 900. మొత్తం 6,300. ఈ ఒత్తిడి ఇరవై నిమిషాలు ఉంటుంది, తర్వాత మొత్తం 5,000కు తగ్గుతుంది.

లైటు లేకపోతే హైవే కుప్పకూలుతుంది. పది శాతం తగ్గుదల అనుకుంటే గంటకు 5,400 మాత్రమే దాటతాయి. వచ్చేవి 6,300 కాబట్టి గంటకు 900 చొప్పున, ఇరవై నిమిషాల్లో 300 కార్లు పోగుపడతాయి. తర్వాత రద్దీ తగ్గినా కోలుకోవడం గంటకు 400 చొప్పునే. ఆ 300 కార్లు కరగడానికి 45 నిమిషాలు. ఇరవై నిమిషాల పాపానికి గంటకు పైగా శిక్ష.

లైటు ఉంటే ర్యాంపు నుంచి గంటకు 600 మాత్రమే వదులుతుంది. హైవే 6,000 దగ్గర నిలబడుతుంది, పడిపోదు. ర్యాంపు మీద ఇరవై నిమిషాల్లో 100 కార్లు పోగవుతాయి. రద్దీ తగ్గాక గంటకు 1,000 కార్లకు చోటు మిగులుతుంది కాబట్టి అవి ఆరు నిమిషాల్లో వెళ్ళిపోతాయి. అందరి ఆలస్యాన్నీ కూడితే మొదటి పద్ధతిలో 162 గంటలకు పైన, రెండో దాంట్లో 22 గంటలు.

తేడా ఇంత పెద్దగా రావడానికి కారణం ఆ పది శాతమే. అది లేకపోతే లైటు వల్ల ఆలస్యం హైవే మీంచి ర్యాంపు మీదికి మారేది, తగ్గేది కాదు. అసలు రోడ్లలో ఈ లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. పైగా ఆ 22 గంటలూ ర్యాంపు మీద నిలబడ్డవాళ్ళవే. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాం.

ఏడు సెకన్లా, తొమ్మిదా? లైటుకు ఎవరు చెబుతారు

1963లో షికాగో ఐసెన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద మొదలైనప్పుడు లైటు కూడా లేదు. ఒక పోలీసు ర్యాంపు మీద నిలబడి, ముందే లెక్క కట్టిన వేగంతో కార్లను ఒక్కొక్కటిగా వదిలేవాడు. తర్వాత సిగ్నళ్ళు వచ్చాయి. తొలినాళ్ళలో పాత ట్రాఫిక్ లెక్కల్ని చూసి, పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఇన్ని సెకన్లకు ఒకటి అని గడియారానికి కట్టేసేవారు. వాన పడ్డ రోజున, సెలవు రోజున ఆ లెక్క తప్పుతుంది.

ఇప్పుడు చాలా చోట్ల రోడ్డే చెబుతుంది. తారు కింద తీగ చుట్ట పాతుతారు, దాన్ని లూప్ డిటెక్టర్ అంటారు. పైన లోహపు బండి నిలిస్తే తెలుస్తుంది. 30 సెకన్లలో 6 సెకన్లు దాని మీద ఏదో ఒక బండి ఉంటే ఆక్యుపెన్సీ 20 శాతం అంటారు. ఇది సాంద్రతకు చవకైన బదులు కొలత.

ఈ కొలతతో నడిచే పద్ధతుల్లో అలీనియా బాగా పేరున్నది. మార్కోస్ పాపాజార్జియూ, ఆయన సహచరులు దీన్ని పారిస్ చుట్టూ ఉన్న బులెవార్ పెరిఫెరిక్ మీద పరీక్షించి 1991లో ప్రచురించారు. లెక్క చాలా సులువు. ర్యాంపు కలిసిన తర్వాతి చోట ఆక్యుపెన్సీ ఎంత ఉండాలో ఒక లక్ష్యం పెట్టుకుంటారు, ఉదాహరణకు 20 శాతం. కొలత అంతకన్నా ఎక్కువైతే, ఒక్కో శాతానికి గంటకు 70 కార్ల చొప్పున వదిలే వేగం తగ్గిస్తారు. తక్కువైతే పెంచుతారు. ఇప్పుడు గంటకు 600 వదులుతున్నారు, కొలత 23 వచ్చింది. మూడు శాతం ఎక్కువ, 210 తగ్గించాలి. కొత్త వేగం 390, అంటే సుమారు తొమ్మిది సెకన్లకు ఒక కారు. కాసేపటికి మళ్ళీ కొలుస్తారు.

దీని అందమంతా ర్యాంపు కలిసిన తర్వాత కొలవడంలో ఉంది. ముందే కొలిచి, 'సామర్థ్యం 6,000, వచ్చేవి 5,400, కాబట్టి 600 వదులు' అంటే ఆ 6,000 అనే అంకె ఎప్పుడూ నిజమై ఉండాలి. వానలో అది తగ్గిపోతుంది. తర్వాత కొలిస్తే సామర్థ్యం ఎంతో తెలియనక్కర్లేదు, రోడ్డు ఇబ్బంది పడుతోందా లేదా అన్నది తెలిస్తే చాలు.

వదిలే వేగానికీ హద్దులున్నాయి. ఒక్కో కారును ఆపి వదలడానికి కనీసం నాలుగు సెకన్లు కావాలి, అంటే లేనుకు గంటకు 900కు మించి కుదరదు. అటు చివర 15 సెకన్లకు ఒకటి, గంటకు 240. అంతకన్నా నెమ్మదిస్తే లైటు చెడిపోయిందనుకుని జనం ఎర్ర లైటులోనే దూసుకుపోతారు.

ర్యాంపు పొడవు దగ్గర మొదలయ్యే తలనొప్పి

సిద్ధాంతం ఇక్కడిదాకా బాగుంది. కానీ ఆపిన కార్లు ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా. మన ఉదాహరణలోని 100 కార్లు రెండు వరసల్లో నిలిస్తే వరసకు 50. కారుకు ఏడున్నర మీటర్లు వేసుకుంటే 375 మీటర్లు.

ఆగిన కారు మళ్ళీ హైవే వేగం అందుకోవడానికి కూడా చోటు కావాలి. మామూలు కారు మితంగా స్పీడు పెంచుతూ సున్నా నుంచి 90కి చేరడానికి సుమారు 210 మీటర్లు. అంటే ర్యాంపు 500 మీటర్లుంటే వరసకు మిగిలేది 290 మీటర్లే, అందులో పట్టేవి 38 కార్లు. ఆగాల్సిన గీతను ముందుకు జరిపితే ఎక్కువ కార్లు పడతాయి, కానీ 60 స్పీడులో వెళ్ళి 100 స్పీడు లేనులో కలవాలి. వెనక్కి జరిపితే వరస చిన్నదైపోతుంది. నిండు లారీ సంగతి సరేసరి. అది కారు కన్నా మూడు రెట్లు నెమ్మదిగా స్పీడందుకుంటే 600 మీటర్లకు పైగా కావాలి, ర్యాంపు మొత్తం ఇచ్చినా చాలదు. లారీలు ఎక్కువగా ఎక్కే ర్యాంపు మీద లైటు పెట్టాలంటే ఇంజనీర్లు వెనకాడేది అందుకే.

వరస ర్యాంపు దాటి నగరం రోడ్డు మీదికి పాకితే హైవేతో సంబంధం లేనివాళ్ళు కూడా ఇరుక్కుపోతారు. అందుకని ర్యాంపు మొదట్లో ఇంకో డిటెక్టర్ పెడతారు. వరస అక్కడికి చేరితే లైటు తన లెక్కలన్నీ పక్కనపెట్టి గబగబా కార్లను వదిలేస్తుంది. ఎప్పుడు చేరుతుంది? రద్దీ పరాకాష్ఠలో ఉన్నప్పుడు. వాన పెరిగేసరికి గొడుగు మూసుకుపోయినట్టు. దీనికి ఒక విరుగుడు, ఒక్క ర్యాంపు మీదే భారం వేయకుండా వెనకున్న ర్యాంపుల్లో కూడా ముందే కాస్త కాస్త ఆపడం. మెల్బోర్న్‌లోని మొనాష్ ఫ్రీవే మీద ర్యాంపులు ఇలా ఒకదానికొకటి సాయపడే పద్ధతిలో నడుస్తాయి.

లైటు దగ్గర కొత్త ప్రమాదాలు కూడా పుట్టొచ్చు. హైవే ఎక్కబోతున్నామనే ఊపులో వచ్చి, వంపు అవతల ఆగిన వరసను చూడనివాళ్ళు ఉంటారు. అందుకే 'ముందు లైటు వెలుగుతోంది' అని మెరిసే బోర్డు చాలా ముందే పెడతారు. ఇక్కడ గుద్దుకుంటే తక్కువ వేగంలో గుద్దుకుంటారు, హైవే మీద కన్నా దెబ్బ తక్కువ, నిజమే. అయినా అది ఖాతాలో రాయాల్సిందే.

ఇక హైవే మీద ముందే గంటకు 6,200 వస్తుంటే ర్యాంపును పూర్తిగా మూసినా జామ్ ఆగదు. జామ్ మూలం దిగే ర్యాంపు దగ్గర ఉంటే, కింద నగరం సిగ్నల్ దగ్గర ఆగిన వరస హైవే మీదికి ఎక్కి వస్తుంటే, ఎక్కే ర్యాంపు లైటుతో అయ్యేది పెద్దగా ఉండదు. అలాంటి చోట్ల వేగ పరిమితిని అప్పటికప్పుడు తగ్గించే బోర్డులు, తోక ఉందని ముందే హెచ్చరించే బోర్డులు, కొన్ని గంటలు ర్యాంపు మూసేయడం లాంటివి ఆలోచిస్తారు.

430 లైట్లు ఆర్పేసి చూసిన ఊరు

ఇన్ని లెక్కలూ నిజం రోడ్డు మీద నిలుస్తాయా? దీనికి ఇంత పెద్ద ప్రయోగం దొరకడం అరుదు. అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో 2000 నాటికి సుమారు 430 ర్యాంపు లైట్లుండేవి. కొన్ని చోట్ల ఎదురుచూపులు బాగా పెరిగి జనానికి విసుగొచ్చింది. రాష్ట్ర సెనేటర్ డిక్ డే వీటికి వ్యతిరేకంగా గొంతెత్తారు. ఆఖరికి మిన్నెసోటా శాసనసభ, లైట్లన్నీ ఆర్పి ఏమవుతుందో చూడమని రవాణా శాఖను ఆదేశించింది. ఆ ఏడాది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దాదాపు ఎనిమిది వారాలు అన్నీ ఆరిపోయాయి.

ఫలితాలు ఇలా వచ్చాయి. హైవేల మీద దాటిన బళ్ళు 9 శాతం తగ్గాయి. ప్రయాణ సమయం 22 శాతం పెరిగింది. ప్రమాదాలు, రుతువుల తేడాను సర్దిన తర్వాత కూడా, 26 శాతం పెరిగాయి. ర్యాంపు మీద ఆగే సమయం సున్నా అయినా మొత్తం మీద నష్టమే తేలింది. ఎక్కువ కార్లను వదిలేస్తే తక్కువ కార్లు దాటడం అనే ఆ వింత లెక్క ఇక్కడ కంటికి కనిపించింది.

దీన్ని ఒప్పుకోనివాళ్ళ వాదనలో కూడా పస ఉంది. ఎనిమిది వారాలు తక్కువ. ఏళ్ళ తరబడి లైటుకు అలవాటుపడ్డ డ్రైవర్లు, అది లేకుండా కలవడం నేర్చుకునేలోపే ప్రయోగం ముగిసింది. దాని కన్నా బలమైన మాట ఇంకోటుంది: పోల్చింది రెండు చివరల్ని. ఒకవైపు చాలా కఠినంగా నడిచిన లైట్లు, మరోవైపు లైట్లే లేకపోవడం. మధ్యస్థంగా నడిపితే ఎలా ఉంటుందో ఆ అంకెలు చెప్పవు. నాకు ఈ రెండో అభ్యంతరమే సబబుగా తోస్తుంది. 26 శాతం అన్నది లైట్లు పనికొస్తాయని చెబుతుంది, ఎంత కఠినంగా ఉండాలో చెప్పదు.

ఎవరి ఆలస్యం ఎవరి ఖాతాలో

ర్యాంపు మీద నిలబడ్డవాళ్ళ 22 గంటల సంగతి ఇక్కడ తేలాలి. దూరపు శివారు నుంచి వచ్చేవాడు రద్దీ మొదలవని చోట, లైటు లేని ర్యాంపు ఎక్కేస్తాడు. నగరానికి దగ్గర్లో ఉండేవాడు రెండు ఎగ్జిట్ల దూరం పోవడానికి ర్యాంపు మీద నిలబడతాడు. ఊహకు ఇద్దరిని తీసుకోండి. మొదటివాడి ముప్ఫై కిలోమీటర్లు లైట్లు లేకపోతే 40 నిమిషాలు, ఉంటే 32. రెండోవాడి నాలుగు కిలోమీటర్లు జామ్‌లో 6 నిమిషాలు, లైటుతో నాలుగూ, ఎదురుచూపు ఏడూ కలిపి 11. మొత్తం మీద లాభమే, కానీ ఒకరి ఎనిమిది నిమిషాల లాభానికి ఇంకొకరు అయిదు నిమిషాలు చెల్లించారు. పొరుగునే ఉన్నవాడు కట్టి, దూరం నుంచి వచ్చినవాడు తినడం ఏం న్యాయం అని అడిగేవాళ్ళున్నారు.

దానికి జవాబు: హైవే ఉన్నదే దూర ప్రయాణాలకు, నాలుగు కిలోమీటర్లకు మామూలు రోడ్డు చాలదా? మళ్ళీ దానికి ప్రతిజవాబు: ఆ మామూలు రోడ్డు మీద బడి పిల్లలు, సైకిళ్ళు, నడిచేవాళ్ళు ఉంటారు. హైవే మీద తగ్గిన ప్రమాదం అక్కడ పెరిగితే? ఇది ఊరిని బట్టి, పక్కన ఎలాంటి రోడ్లున్నాయన్నదాన్ని బట్టి మారుతుంది, ఒక్క జవాబు లేదు. కొన్ని చోట్ల బస్సులకూ, ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చే కార్లకూ లైటు దగ్గర ఆగకుండా పోయే వేరే లేను ఇస్తారు. అప్పుడు ఎవరు ఆగాలన్నది నివాసం కాకుండా ప్రయాణం తీరు నిర్ణయిస్తుంది.

మనిషి మనసు కూడా ఈ లెక్కలో ఉంది. హైవే మీద పది నిమిషాలు పాకినా 'ఏదో కదులుతున్నాం' అనిపిస్తుంది. ర్యాంపు మీద అయిదు నిమిషాలు ఆపితే ఎవరో కావాలని ఆపినట్టుంటుంది, ఆ మాట నిజం కూడా.

మిన్నెసోటా చివరికి లైట్లను మళ్ళీ వెలిగించింది, కానీ పాత పద్ధతిలో కాదు. కొన్ని లైట్లు తీసేశారు, వెలిగే గంటలు తగ్గించారు, నగరం రోడ్డు నుంచి ఎక్కే ర్యాంపు మీద ఎవరూ నాలుగు నిమిషాలకు మించి ఆగకూడదని, ఒక హైవే నుంచి ఇంకో హైవేకు వెళ్ళే ర్యాంపు మీద రెండు నిమిషాలకు మించకూడదని హద్దు పెట్టారు. నాలుగు నిమిషాలంటే 240 సెకన్లు. లైటు పది సెకన్లకు ఒక కారును వదులుతుంటే వరసలో 24 కార్లు. 25వ కారు వచ్చి చేరితే, అవతల హైవే ఎలా ఉన్నా, లైటు వేగం పెంచాల్సిందే.